పని మీద తిరిగిన కిలోమీటరుకు లెక్కేది?

మార్చి నెలాఖరులో బెంగళూరు హొరమావులో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాల దగ్గర నాకు బాబాయి వరసయ్యే ఒకాయన పక్కన కూర్చున్నారు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తారు, నాలుగు డబ్బులు వెనకేసుకున్నారు కూడా. "ఇంకా ఆ పాత కారే తిప్పుతున్నావా అమ్మాయ్? ముప్పై ఒకటో తేదీలోపు కొత్తది తీసేసుకో. బిజినెస్ పేరు మీద రాయించు. టాక్స్‌లో మొత్తం తిరిగొచ్చేస్తుంది" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. అందులో ఒకాయన బ్యాంకులో పనిచేస్తారు.

ఈ మాట నేను వినడం కొత్త కాదు. మారతహళ్లి, కేఆర్ పురం వైపు మనవాళ్లలో సొంతంగా ఏదో ఒకటి చేసుకునే ప్రతివాళ్ల దగ్గరా ఇదే సలహా సిద్ధంగా ఉంటుంది. నేను ఇంటీరియర్ డిజైన్ పని చేస్తాను. ఆఫీసు హూడీలో. సైట్లు ఒకటి సర్జాపురలో ఉంటే ఇంకొకటి హెణ్ణూరులో, మరొకటి కనకపుర రోడ్డులో. జీతాల తర్వాత నాకు అతి పెద్ద ఖర్చు ఈ తిరుగుడే. కాబట్టి బండి మీద టాక్స్ రాయితీ సంగతి నాకు కాలక్షేపం కబురు కాదు. ఆలోచించగా ఆలోచించగా నాకొక అభిప్రాయం కుదిరింది: మన చట్టం బండి ఎవరిది, ఏ రకందని చూసి రాయితీ ఇస్తోంది. పని మీద ఎంత తిరిగిందో చూసి ఇస్తే చాలా చిక్కులు తీరతాయి. ఇందులో నాకున్న సందేహాలు కూడా చెబుతాను.

(2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకొచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. 2026 మార్చితో ముగిసిన ఏడాదికి పాత చట్టమే కాబట్టి ఆ లెక్కల్లోనే మాట్లాడుతున్నాను.)

తిరిగొచ్చేది ఎంత

ముందు బాబాయి మాట సంగతి చూద్దాం. రోడ్ టాక్స్ కలిపి కారు 12 లక్షలయిందనుకోండి. మామూలు కారుకు ఏడాదికి 15 శాతం తరుగు, అంటే వాడకంలో తగ్గిన విలువ, ఖర్చుగా చూపించుకోవచ్చు. అంటే 1,80,000. ఇది తగ్గేది ఆదాయంలోంచి, కట్టాల్సిన టాక్స్‌లోంచి కాదు. కొత్త టాక్స్ విధానంలో 24 లక్షలు దాటి 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు మిగిలేది 54,000, సెస్ కలిపితే 56,000 పైచిలుకు. 20 శాతం స్లాబులో ఉంటే 36,000 దగ్గర ఆగిపోతుంది. రెండో ఏడాది 15 శాతం లెక్కేసేది మిగిలిన 10,20,000 మీద. అంటే ఏటేటా తగ్గుతూ పోతుంది. రేపు కారు అమ్మితే వచ్చిన డబ్బును ఆ మిగిలిన విలువలోంచి తీసేస్తారు. అంతకంటే ఎక్కువొస్తే దానికి మళ్లీ టాక్స్.

మార్చి 31లోపు కొనమన్న సలహా ఇంకా విచిత్రం. ఆ ఏడాదిలో బండిని పనికి వాడింది 180 రోజుల కంటే తక్కువైతే తరుగు సగమే. అంటే నెలాఖరు హడావుడిలో కొన్న కారుకు దక్కేది ఏడున్నర శాతం. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. ఆరోజు కొని పనికి తిప్పినవాళ్లకు పూర్తి 15 శాతం. అక్టోబరు 20న దీపావళికి కొన్నవాళ్లకు సగం. మధ్యలో తేడా 18 రోజులే. ఇంకో మాట, పనికి వాడటం మొదలుపెట్టాలి. బెంగళూరులో ఆయుధ పూజకు బండికి అరటి మొక్కలు కట్టి బూడిద గుమ్మడికాయ కొట్టి మూల నిలబెడితే అది వాడకం కిందికి వస్తుందా అని మా సీఏ గారిని అడిగాను. ఆయన నవ్వలేదు.

"బిజినెస్ పేరు మీద రాయించు" అన్నారు కదా, నాలాగా సొంతంగా చేసుకునేవాళ్లకు బిజినెస్ పేరంటూ వేరే ఏముంటుంది? ఆర్సీలో నా పేరే, రిటర్న్‌లోనూ నా పేరే. ఇక ఈఎంఐ మొత్తం ఖర్చులో వేసుకోవచ్చని ఇంకో నమ్మకం. అందులో వడ్డీ మాత్రమే ఖర్చు, అసలు కాదు. జీఎస్‌టీ వెనక్కి తెచ్చుకోవచ్చని మరొకటి. డ్రైవరుతో కలిపి 13 సీట్లలోపు బళ్ల మీద కట్టిన జీఎస్‌టీని, ట్యాక్సీలు నడిపేవాళ్లూ డ్రైవింగ్ స్కూళ్లూ బళ్లు అమ్మేవాళ్లూ తప్ప మిగతావాళ్లు క్రెడిట్ తీసుకోవడానికి లేదు. ధరలో కొంత నగదుగా ఇస్తే, ఒకరోజులో ఒకరికి 10,000 దాటిన నగదు కారు ఖరీదు కింద లెక్కకే రాదు.

నిజంగా తేడా వచ్చేది ఎలక్ట్రిక్ బండికి. దానికి తరుగు 40 శాతం. అదే 12 లక్షలకు మొదటి ఏడాదే 4,80,000. కొత్త టాక్స్ విధానంలో ఏ మినహాయింపులూ ఉండవని చాలామంది ఇవన్నీ వదిలేస్తున్నారు. పోయింది 80సీ (పొదుపుల మీద మినహాయింపు) లాంటివే. వృత్తికీ వ్యాపారానికీ అయిన మామూలు ఖర్చులు, ఈ మామూలు తరుగు కొత్త విధానంలోనూ ఉన్నాయి.

నా వృత్తివాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఇంటీరియర్ పని టాక్స్ చట్టంలో 44ఏడీఏ సెక్షన్ జాబితాలో ఉంది. రాబడి 50 లక్షల లోపైతే, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా, అందులో సగం లాభమని చూపించి చేతులు దులుపుకోవచ్చు. అప్పుడు కారు తరుగు, పెట్రోలు అన్నీ ఆ మిగతా సగంలోనే ఉన్నట్టు లెక్క. విడిగా పైసా చూపించడానికి లేదు. అంతే కాదు, మీరు చూపించకపోయినా ఆ ఏళ్ల తరుగు కారు విలువలోంచి పోయినట్టే. ఇద్దరు అసిస్టెంట్ల జీతాలు, ఆఫీసు అద్దె పోగా నాకు సగం మిగలదు కాబట్టి నేను పుస్తకాలు రాసి ఆడిట్ చేయించుకుంటాను. ఒంటరిగా లాప్‌టాప్ మీద పనిచేసే కన్సల్టెంటుకు ఈ వ్యాసంలో సగం గొడవ లేనట్టే.

బాగేపల్లి టోల్

కారు నాది. పొద్దున సైటుకు వెళ్తుంది, సాయంత్రం పిల్లాణ్ని ఈతకు తీసుకెళ్తుంది, సంక్రాంతికి అనంతపురం వెళ్తుంది. చట్టం ఏమంటుందంటే, పూర్తిగా పనికే వాడకపోతే వాడినంత మేరకు న్యాయమైన వాటా ఇస్తాం, ఆ వాటా ఎంతో అధికారి తేలుస్తాడు. సెక్షన్ 38లో ఉన్న ఈ ముక్కకు ఇంతకు మించి కొలత లేదు. కిలోమీటర్లతో కొలవాలా, రోజులతోనా, చూసి అనుకోవడమేనా? అందుకే అధికారులు సొంత వాడకం కింద పదో వంతో ఐదో వంతో కొట్టేయడం, దాని మీద అప్పీళ్లు, ట్రిబ్యునల్ అందులో మళ్లీ కొంత తగ్గించడం. ఆ తీర్పులు చదువుతుంటే కూరగాయల బేరం గుర్తొస్తుంది.

మా సీఏ గారిది హిందూపురం. మనిషి మంచివారు, పని తెలిసినవారు. "నైంటీ పర్సెంట్ వేద్దాం మేడమ్, ఎవరూ అడగరు" అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. స్క్రూటినీకి, అంటే అధికారి తనిఖీకి, వెళ్లే రిటర్నులు చాలా తక్కువ. వెళ్లినా, ఇంత చిన్న పద్దు మీద ఎవరికి ఆసక్తి? అయినా నాకు మనసొప్పలేదు. నీతి కోసమే అనుకుని మెచ్చుకోకండి. నా ఖర్చు రుజువులన్నీ నా మీదే సాక్ష్యం చెబుతాయి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీసి చూడండి. టోల్ ఖర్చని ఆడిటుకు ఇచ్చే అదే కాగితంలో భోగికి ముందురోజు సాదహళ్లి, బాగేపల్లి టోల్ గేట్లు దాటిన గంట, నిమిషంతో సహా ఉంటుంది. బాగేపల్లిలో నాకు సైటు లేదు. పండగ ముందురోజు అటువైపు వెళ్లే కర్ణాటక నంబరు కార్లు ఎందుకెళ్తాయో తెలుసుకోవడానికి అధికారి అక్కర్లేదు.

పెట్రోలు బిల్లుల సంగతి వేరే. బంకులో ఇచ్చే ఆ నున్నటి కాగితాన్ని డాష్‌బోర్డు అరలో పడేస్తే ఏప్రిల్ ఎండకు అక్షరాలు మాయమవుతాయి. ఆడిట్ వేళకు నా చేతిలో ఉండేది తెల్ల కాగితాల కట్ట. అందుకని యూపీఐలోనే కడతాను. సైటుకు బయల్దేరేముందు, తిరిగొచ్చాక మీటరు ఫోటో తీసి మా ఆఫీసు గ్రూపులో పడేస్తాను. పక్కన సైటు పేరు. మా అసిస్టెంటు అమ్మాయి నెలాఖరున దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కిస్తుంది. "అక్కా, శనివారం నలభై ఆరు కిలోమీటర్లకు సైటు పేరు లేదు" అని నిలదీస్తుంది కూడా. శనివారం మా అమ్మను కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి ఉంటాను.

ఈ పద్ధతిలోనూ తేలనివి ఉన్నాయి. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లింది పని కాదనే నా లెక్క, ఉద్యోగం చేసేవాళ్లందరూ ఆ ఖర్చు జేబులోంచే పెట్టుకుంటారు కదా. మరి ఇంటి నుంచి నేరుగా సర్జాపుర సైటుకు వెళ్తే? ఆఫీసు మీదుగా వెళ్తే ఒక లెక్క, నేరుగా వెళ్తే ఇంకో లెక్క అంటే, రాయితీ కోసం హూడీ ట్రాఫిక్‌లో దూరి బయటపడాలి. నేరుగా వెళ్లినవి నేను పనిలోనే వేస్తున్నాను. ఎవరైనా తప్పంటే వాదిస్తాను.

ఇంత జాగ్రత్త పడుతుంటే ఒళ్లు మండించే విషయం ఒకటుంది. కారు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీది అయితే ఈ వాటాల గొడవే ఉండదు. సయాజీ ఐరన్ కేసులో గుజరాత్ హైకోర్టు, కంపెనీ అనేది మనిషి కాదు కాబట్టి దానికి సొంత వాడకం అనేదే ఉండదని చెప్పింది. డైరెక్టర్లు సొంతానికి వాడుకుంటే అది వాళ్ల జీతంలో సదుపాయం కింద చూడాలి. తర్కం సరైనదే. ఫలితమే వింత. నేనూ ఓ కంపెనీ పెట్టుకుంటే అదే కారు, అదే ఈత క్లాసు, అదే బాగేపల్లి టోల్, తరుగు మాత్రం పూర్తిగా.

జీతగాళ్లలో కూడా ఇలాంటి తేడాయే. ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే మా పెద్దమ్మ కొడుకు కారును కంపెనీ లీజు మీద తీసుకున్నాడు. లీజు డబ్బు జీతంలోంచి టాక్స్‌కు ముందే పోతుంది. వాడు ఆఫీసుకు వెళ్లేది కంపెనీ క్యాబ్‌లో, కారు నడిపేది ఎక్కువగా మా వదిన. దానికి 2026 మార్చి దాకా నడిచిన నిబంధనల ప్రకారం, ఖర్చులన్నీ కంపెనీ పెట్టుకుంటే, జీతంలో కలిపే విలువ చిన్న ఇంజనుకు నెలకు 1,800, 1.6 లీటర్లు దాటితే 2,400, డ్రైవరుంటే ఇంకో 900. పని మీద ఎంత తిరిగిందో కంపెనీ లాగ్ (ప్రయాణాల పద్దు) రాయాలన్న షరతు, కారు పూర్తిగా పనికే వాడారని చూపించాలంటేనే. మా అన్నను తప్పుపట్టడం లేదు, చట్టం ఇచ్చిందే తీసుకున్నాడు. ఆ 1,800 అంకె 2009 నాటిది, పదిహేడేళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

బైకు మీద అరిగిపోయేవాళ్లు

మా అపార్టుమెంటులో కింది అంతస్తులో ఒక మెడికల్ రెప్ ఉన్నాడు, నంద్యాల అబ్బాయి. పొద్దున బ్యాగు తగిలించుకుని వెళ్తే రాత్రి తొమ్మిదికి డాక్టర్లు క్లినిక్ మూసేదాకా బైకు మీదే. కోలార్, చింతామణి వెళ్లినరోజు కంపెనీ చార్టులో రాసి ఉన్న దూరానికి డబ్బిస్తుంది. ఊళ్లో తిరిగినరోజు ఇంత అని ఒకే మొత్తం. ఇందిరానగర్ నుంచి యలహంకకు రెండుసార్లు తిరిగినా అంతే. డ్యూటీ మీద తిరగడానికి కంపెనీ ఇచ్చిన అలవెన్సు ఖర్చయినంత వరకు టాక్స్ పడదు, కొత్త విధానంలోనూ. కానీ చాలక వాడు జేబులోంచి పెట్టుకున్నదానికీ, మూడేళ్లకే చైనూ టైర్లూ ఇంజనూ అరిగిపోయిన ఆ బైకు తరుగుకూ చట్టంలో చోటు లేదు. "అన్నిటికీ కలిపి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చాం కదా" అంటారు. ఇచ్చారు, నిజమే. ఏసీ గదిలో కూర్చుని పనిచేసే మా ఆయనకూ అదే 75,000. 2018 బడ్జెట్‌లో రవాణా అలవెన్సు 19,200, వైద్య ఖర్చుల 15,000 తీసేసి ఈ ఏకమొత్తం తెచ్చారు. కాగితాల బెడద తప్పించడానికి అది మంచిదే అని నేనూ ఒప్పుకుంటాను. ఎవరు ఎంత తిరుగుతారన్న ప్రశ్న మాత్రం అక్కడితో కొట్టుకుపోయింది.

నా వాదన అసలు పనిచేయని చోటు కూడా ఒకటుంది. మాకు సామాను తెచ్చే డెలివరీ కుర్రాళ్లలో కదిరివాడొకడు ఉన్నాడు. బైకు వాళ్ల నాన్న పేరు మీద, ఆంధ్రా నంబరు. "అక్కా, నా డబ్బులో టాక్స్ కట్ చేసినారంట, చూడు" అని ఒకరోజు ఫోన్ చూపించాడు. ఒక శాతం టీడీఎస్. రిటర్న్ వేయిస్తే వెనక్కొచ్చింది, ఎందుకంటే కొత్త విధానంలో 12 లక్షల దాకా టాక్సే లేదు. కట్టని టాక్స్‌లో రాయితీ ఏమిస్తారు? రోజంతా బైకు మీదే బతికేవాడికి కిలోమీటరు రాయితీ అన్న నా గొప్ప ఆలోచన సున్నా. వాడు కట్టే పన్ను పెట్రోలులో ఉంది. 2024 జూన్‌లో కర్ణాటక పెట్రోలు మీద అమ్మకం పన్నును 25.92 నుంచి 29.84 శాతానికి పెంచింది. (అయినా ఆంధ్రా రేటు ఇంకా ఎక్కువ. పండక్కి ఊరెళ్లినప్పుడు తిరుగు ప్రయాణంలో మనవాళ్లు సరిహద్దు దాటాకే ట్యాంకు నింపించుకుంటారు.) వాడికి నిజంగా తగిలిన రాయితీ 2025 సెప్టెంబరు 22న 350 సీసీ లోపు బైకుల జీఎస్‌టీ 28 నుంచి 18కి తగ్గడం. అదీ కొత్త బైకు కొనేటప్పుడే.

కిలోమీటరుకు ఇంత అంటే

డల్లాస్‌లో ఇన్సూరెన్స్ ఏజెంటుగా చేసే మా పిన్ని కూతురు కారు ఖర్చు ఎలా రాస్తుందని అడిగాను. "మైళ్లు రాస్తానక్కా, అంతే" అంది. అక్కడ సొంతంగా పనిచేసేవాళ్లు 2025కి పని మీద తిరిగిన ప్రతి మైలుకూ 70 సెంట్లు తీసుకోవచ్చు. పెట్రోలు, టైర్లు, ఇన్సూరెన్స్, తరుగు అన్నీ అందులోనే. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లింది పనికిరాదు. జీతగాళ్లకు మాత్రం అక్కడా 2018 నుంచి లేదు. బ్రిటన్‌లో జీతగాళ్లకూ ఉంది: 2011లో పెట్టిన లెక్కలో ఏడాదిలో మొదటి 10,000 మైళ్లకు మైలుకు 45 పెన్సులు, పైన 25. కంపెనీ అంతకంటే తక్కువిస్తే ఆ తేడాను టాక్స్‌లో చూపించుకోవచ్చు. మా నంద్యాల అబ్బాయికి కావాల్సింది సరిగ్గా ఇదే.

"మనవాళ్లు దొంగ కిలోమీటర్లు రాస్తారు" అని మా సీఏ గారు వెంటనే అన్నారు. రాస్తారు. ఇప్పుడు దొంగ శాతాలు రాయడం లేదా? శాతానికి సాక్ష్యం ఉండదు. కిలోమీటరుకు సర్వీస్ సెంటరు బిల్లు మీద మీటరు రీడింగ్ ఉంటుంది, ఇన్సూరెన్స్ సర్వేలో ఉంటుంది, బండి అమ్మేటప్పుడు ఉంటుంది. మొత్తం 9,000 తిరిగిన కారుకు పని మీదే 14,000 అని రాయలేరు. పైగా మన చట్టానికి ఏకమొత్తాలు కొత్తేం కాదు. పది లారీల లోపు ఉన్న యజమానిని ఎవరూ లాగ్ అడగరు. చిన్న గూడ్స్ బండికి నెలకు 7,500 ఆదాయమని చూపిస్తే సరిపోతుంది. లారీకి కుదిరింది బైకుకు ఎందుకు కుదరదు?

దీనికి వచ్చిన మంచి అభ్యంతరం మా ఆయన చేసింది. బెంగళూరులో కిలోమీటరుకు అర్థమేముంది అన్నాడు. సిల్క్ బోర్డు దగ్గర గంట ఆగినా మీటరు కదలదు, పెట్రోలు మాత్రం కదులుతుంది. చింతామణి రోడ్డులో వెళ్లే కిలోమీటరూ మారతహళ్లి వంతెన కింద ఈదే కిలోమీటరూ ఒకటి కావు. నిజమే, దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. పెద్ద నగరాలకు రేటు వేరుగా పెట్టొచ్చు, ఇంటి అద్దె మినహాయింపులో మెట్రోలకు వేరే శాతం పెట్టినట్టు. అప్పుడు నగరం ఎక్కడ మొదలవుతుందన్న తగాదా వస్తుంది, బెంగళూరేమో రోజురోజుకూ హొసకోట వైపు జరిగిపోతోంది.

రేటు ఎంతుండాలో నా కారుతో లెక్కేసి చూశాను. లీటరు 103 రూపాయలనుకుంటే, ట్రాఫిక్‌లో లీటరుకు 11 కిలోమీటర్లొస్తే పెట్రోలే కిలోమీటరుకు తొమ్మిది రూపాయల పైన. సర్వీసింగ్, టైర్లు, ఇన్సూరెన్స్, తరుగు కలిపితే చిన్న కారుకు పదహారు, పదిహేడు దగ్గర తేలుతుంది. బైకుకు అయిదో ఆరో చాలు. కారు కొత్తలో నేను పుస్తకాల్లో చూపించినదాని కంటే ఇది కొంచెం తక్కువే, మొదటి రెండేళ్ల తరుగు ఎక్కువ కాబట్టి. అయినా తీసుకుంటాను. ఒక్క షరతు: ఏటా బడ్జెట్‌లో పెట్రోలు ధర చూసి ఆ అంకె మార్చాలి. ఆ 1,800లాగా 2043 దాకా అలాగే వదిలేసేటట్టయితే నాకొద్దు, నా ఎక్సెల్ షీటే నాకు నయం.